ముందు కంప్రెషను చూడాలి మాస్టారూ!



సమాసాల మీద మొదలుపెట్టిన వ్యాసపరంపరలో మూడవ భాగం ఈపాటికి రావలసింది. రాలేదు. అందుకు కారణం మా కారు. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాడు కారు ఇంజను మీద టపా వ్రాయటం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. నాకూ నవ్వుగానే ఉంది. కాని గత నెలలో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో, పాత టైరు మీద కూర్చొని, నేను నేర్చుకొన్న పాఠం ఒకటి ఉన్నది. అది ఎవరితోనైనా చెప్పుకొంటే తప్ప మనసు మరో పని మీదికి పోయేటట్లు లేదు. యంత్రభాగాలకు తెలుగు మాటలు కల్పించి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. షెడ్డులో విన్న మాటలు విన్నట్లే వ్రాస్తాను.

మాది మారుతి జెన్ కారు. 2003లో కొన్నాము. 2018లో నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడే దానికీ పదిహేనేళ్ళు నిండాయి. నాకు పింఛను కాగితాలు వచ్చాయి; దానికి మరో ఐదేళ్ళకు రిజిస్ట్రేషను వచ్చింది. 2023లో మళ్ళీ పొడిగించుకొన్నాము. ఉయ్యూరు నుండి బెజవాడకు, ఎప్పుడైనా పెళ్ళిళ్ళకు తప్ప దానికి వేరే శ్రమ లేదు. ఆగి ఉన్నప్పుడు కొంచెం వణికేది. వయసు మీద పడితే ఎవరికైనా వణుకు సహజమే కదా అనుకొని ఊరుకొన్నాను.

మా మనవడు, అమ్మాయి కొడుకు, ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. మెకానికల్ శాఖ. సెలవులకు వచ్చి, రెండు రోజులు కారు చుట్టూ తిరిగి, మూడవ రోజు భోజనాల దగ్గర, "తాతయ్యా, బండికి టర్బో పెట్టిద్దాం" అన్నాడు. కొత్త సీటు కవర్ల వంటిదేదో అనుకొని, "దానిదేముందిరా, పెట్టించు" అన్నాను. లక్షా ఇరవై వేలు అవుతుందన్న తరువాత గాని అది సీటు కవరు కాదని తెలియలేదు.

వాడు ఓపికగా విప్పి చెప్పాడు. మామూలు పెట్రోలు ఇంజను తనంతట తాను గాలి పీల్చుకొంటుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. అంతకు మించిన ఒత్తిడితో గాలి దానికి అందదు. గాలి ఎంతో పెట్రోలు అంత. పెట్రోలు ఎంతో బలం అంత. టర్బో అన్నది ఒకే ఇరుసుకు రెండు కొసలా బిగించిన రెండు చక్రాలు. ఇంజను వదిలిన వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఇరుసు మీదే ఉన్న రెండవ చక్రం బయటి గాలిని అదిమి ఇంజనులోకి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుందట! ఏడు పౌండ్ల ఒత్తిడి అదనంగా చేర్చగలిగితే, గాలిని చల్లబరచే ఏర్పాటు కూడా ఉంటే, ఇంజనుకు అందే గాలి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అవుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూకీ అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకొన్నాడు.

పారవేసే పొగతో పని చేయించుకోవటం అన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. వ్యాకరణం చదివినవాణ్ణి కనుక నాకు వెంటనే ఉపసర్గలు గుర్తుకు వచ్చాయి. ఒక చిన్న ధాతువుకు ముందు ఒక ఉపసర్గ చేరితే చాలు, దాని శక్తి మారిపోతుంది. 'హారము' అన్న చోట ప్రహారము, విహారము, సంహారము! వాడి ఉత్సాహం, నా ఉపమానం కలిసి పని జరిపించాయి. "ఆ బండి విలువే లక్ష ఉండదు, దానికి లక్షా ఇరవై వేల నగా?" అని మా ఇంటావిడ అన్న మాట మా ఇద్దరికీ వినబడలేదు.

ఆటోనగర్‌లో నా శిష్యుడొకడు షెడ్డు నడుపుతున్నాడు. పేరు వ్రాయను. రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో, నలభై దాటిన మనిషి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, "గుర్తుపట్టారా మాస్టారూ?" అన్నాడు. గుర్తుపట్టాను. గుర్తుపట్టినందుకు సంతోషం కంటె ఇబ్బందే ఎక్కువ కలిగింది. అది ఎందుకో తరువాత చెబుతాను. అప్పుడు ఇచ్చిన చీటీలోని నంబరుకు ఫోను చేసి, ఒక సోమవారం ఉదయం కంకిపాడు, పెనమలూరు, కానూరు మీదుగా బందరు రోడ్డున ఆటోనగర్ చేరుకొన్నాము.

అతడు మా మనవడు చెప్పినదంతా విన్నాడు. ఫోనులో చూపిన బొమ్మలన్నీ చూశాడు. వద్దనలేదు, సరేననలేదు. కారు బోనెట్ ఎత్తి, ఇంజను తిరుగుతుండగా దానిమీద అరచెయ్యి ఆనించి కొంతసేపు నిలబడ్డాడు. తరువాత, "ముందు కంప్రెషను చూడాలి మాస్టారూ" అన్నాడు.

"బండి బాగానే నడుస్తోందండీ. మొన్న కూడా వందకు పోయింది" అన్నాడు మా వాడు, కొంచెం నొచ్చుకొని.

"నడుస్తోంది బాబూ, కాదనను. ఇప్పుడు మోస్తున్న బరువుకు నడుస్తోంది. మీరు ఇంకో సగం బరువు పెడతానంటున్నారు. మోయగలదో లేదో దాన్ని అడగాలి కదా."

ఈ కంప్రెషను అన్న మాటకు రెండు అర్థాలున్నాయని నాకు అక్కడే తెలిసింది. మొదటిది నిష్పత్తి. పిస్టను అడుగున ఉన్నప్పుడు దానిపైన ఉన్న చోటు ఎంత, పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు ఎంత అన్నది. మా కారు వంటివాటిలో అది సుమారు తొమ్మిదికి ఒకటి. ఇది ఇంజను పుట్టుకతో వచ్చినది. రెండవది ఒత్తిడి. ఆ పిస్టను నిజంగా ఈ రోజున, ఈ అరిగిన రింగులతో, ఈ వాల్వులతో గాలిని ఎంత అదమగలుగుతున్నది అన్నది. ఇది గేజి పెట్టి చూస్తే తప్ప తెలియదు. పుస్తకంలో ఉన్నది మొదటిది. బండిలో ఉన్నది రెండవది.

టర్బో పెట్టేవాడు రెండూ చూసుకోవాలట. నిష్పత్తి మరీ ఎక్కువైన ఇంజనుకు అదనపు గాలి తోస్తే, ప్లగ్గు రవ్వ అంటించిన మంట పూర్తిగా పాకకముందే మిగిలిన మిశ్రమం వేడికి తనంతట తానే భగ్గుమంటుంది. దానిని నాకింగు అంటారు. అది పిస్టన్లను పగలగొట్టగలదు. మా వాడు నిజాయితీ గల పిల్లవాడు. తన వాదానికి విరుద్ధమైన కథ తానే చెప్పాడు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారు టర్బోతో వచ్చింది. ప్రయాణికుల కార్లలో టర్బోతో అమ్మిన మొట్టమొదటివాటిలో అది ఒకటి. దాని నిష్పత్తి పదింబావుకు ఒకటి. అంత నిష్పత్తి మీద టర్బో పెట్టారు కనుక నాకింగు రాకుండా నీళ్ళు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చల్లే ఏర్పాటు చేశారు. కొన్నవారిలో చాలామంది ఆ ద్రవం నింపటం మరచిపోయేవారు. చివరకు 1965లో తయారుచేసినవారే ఆ టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు పెట్టి ఇచ్చారట.

ఇక ఒత్తిడి సంగతి. రింగులు అరిగి ఉంటే గాలి, మంట రెండూ పిస్టను పక్కనుండి కిందికి, ఆయిలు ఉన్న చోటికి జారతాయి. టర్బో వల్ల ఆ జారటం ఇంకా పెరుగుతుంది. ఒక వాల్వు సరిగా మూసుకోకపోతే, దాని అంచున దూసుకుపోయే మంటకు ఆ అంచు కాలుతూ పోతుంది. టర్బో పెడితే వేడీ పెరుగుతుంది, కాలటమూ పెరుగుతుంది.

ఆ పరీక్ష చేసిన తీరు చూసినది చూసినట్లు వ్రాస్తాను. పాత బళ్ళున్నవారికి పనికి రావచ్చు.

ఇంజను వేడెక్కి ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు లోహభాగాలు తమ అసలు కొలతకు సాగి ఉండవు. మేము దాదాపు ముప్పై కిలోమీటర్లు నడిపి వచ్చాము కనుక ఆ పని అయినట్లే. అయినా అతడు వెంటనే ప్లగ్గులు విప్పలేదు. "హెడ్డు అల్యూమినియం మాస్టారూ. మరీ కాలుతుండగా విప్పితే ప్లగ్గుతో పాటు మరలు ఊడివస్తాయి" అని పావుగంట ఆగాడు. ఈలోగా మాకు టీ తెప్పించాడు. తరువాత గాలిగొట్టంతో ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ఊదాడు, విప్పినప్పుడు లోపల పడకుండా. నాలుగు ప్లగ్గులూ విప్పి ఏ సిలిండరుదో తెలిసేటట్లు గుడ్డమీద వరుసగా పేర్చాడు. పెట్రోలు పంపు ఫ్యూజు తీశాడు. రవ్వ పుట్టకుండా కాయిలు తీగ విప్పాడు. బ్యాటరీకి తోడుగా మరొక బ్యాటరీ తగిలించాడు. సెల్ఫ్ నీరసంగా తిరిగితే అంకె తక్కువ చూపుతుందట.

మొదటి ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి, "ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు బాబూ" అన్నాడు మా వాడితో. గాలి దారి పూర్తిగా తెరిచి ఉండాలి కనుక తొక్కిపట్టటం. ముల్లు ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మెట్టు ఎక్కింది. ఆరు దెబ్బలకు నిలిచింది. నాలుగింటికీ అవే ఆరు దెబ్బలు. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పనికిరాదన్నాడు. షెడ్డు రేకు తలుపు మీద సుద్దముక్కతో వరుసగా వ్రాశాడు.

ఒకటి – 170
రెండు – 165
మూడు – 120
నాలుగు – 168

నేను టైరు మీద కూర్చొని లెక్క వేస్తున్నాను. తొమ్మిది రెట్లు అదిమితే 14.7ని తొమ్మిదితో గుణించాలి. 132 రావాలి కదా, 170 ఎట్లా వచ్చిందని అడిగాను. మా మనవడు సంతోషంగా చెప్పాడు: "అదిమితే గాలి వేడెక్కుతుంది తాతయ్యా. సైకిలుకు గాలి కొడితే పంపు కాలదూ? ఆ వేడికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది." మనవడి దగ్గర పాఠం చెప్పించుకోవటంలో ఉన్న సుఖం ఈ వయసులోనే తెలుస్తుంది.

కాని వాడి సంతోషం నిలవలేదు. మూడవ అంకె వాడూ చూశాడు. "గేజి సరిగా బిగియలేదేమోనండీ" అన్నాడు. మళ్ళీ బిగించి చూశారు. మళ్ళీ 120.

"అంకె పెద్దదా చిన్నదా అని కాదు చూడవలసింది. నాలుగూ ఒక్క తీరుగా ఉన్నాయా అని చూడాలి. నూటికి పది తేడా వరకు సర్దుకోవచ్చు" అన్నాడు శిష్యుడు. 170లో పదో వంతు 17. అంటే 153 వరకు ఫరవాలేదు. మూడవది దానికి ఎంతో దిగువన, నూటికి ఇరవైతొమ్మిది వంతులు తక్కువగా ఉన్నది. "మిగతా మూడూ లాగుతుంటే ఇదీ వాటితో పాటు తిరుగుతోంది మాస్టారూ. అందుకే మీకు వణుకుగా తెలిసేది."

లోపం ఉన్నదని తెలియటం వేరు, ఎక్కడ ఉన్నదో తెలియటం వేరు. మూడవ సిలిండరులో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ గేజి పెట్టాడు. రింగులు అరిగి ఉంటే ఆయిలు ఆ సందును కాసేపు మూస్తుంది, అంకె బాగా పెరుగుతుంది. 124 వచ్చింది. పెరగనట్లే. కనుక రింగులు కావు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు తక్కువ చూపి ఉంటే వాటి నడుమ గ్యాస్కెట్టును అనుమానించాలట. ఇక్కడ ఒక్కటే తక్కువ. అయితే వాల్వు కావచ్చు.

అది తేల్చటానికి మరో పరీక్ష. మూడవ పిస్టనును సరిగ్గా పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకొని ఉండే స్థితిలో నిలిపి, బండిని గేరులో ఉంచి, ప్లగ్గు రంధ్రం గుండా బయటినుండి గాలి పట్టాడు. ఇక ఆ గాలి ఎక్కడినుండి బయటికి వస్తున్నదో చెవిపెట్టి వినటమే. ఆయిలు పోసే మూత దగ్గర వినబడితే రింగులు. గాలి లోపలికి వెళ్ళే గొట్టం దగ్గరయితే లోపలి వాల్వు. రేడియేటరులో బుడగలు లేస్తే గ్యాస్కెట్టు. మా వాణ్ణి ఆయిలు మూత దగ్గర, పని కుర్రవాణ్ణి రేడియేటరు దగ్గర నిలబెట్టి, "మీరు వెనక్కి వెళ్ళి సైలెన్సరు దగ్గర చెవి పెట్టండి మాస్టారూ" అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చొని చెవి పెట్టాను. మొదట ఏమీ వినబడలేదు. పక్క షెడ్డులో సమ్మెట దెబ్బలు ఆగిన క్షణంలో వినబడింది. సన్నని ఊపిరి. పదం చివర విసర్గను పలికినట్లు, హ అన్నదో లేదో తెలియనంత మెల్లగా, కాని ఆగకుండా. ఎన్నో వేలసార్లు పిల్లలచేత విసర్గ పలికించినవాణ్ణి. అది వినబడగానే చెయ్యి ఎత్తాను.

"ఎగ్జాస్టు వాల్వు" అన్నాడు అతడు. పరీక్ష ముగిసింది.

మా మనవడు మాట్లాడలేదు. నేనే అడిగాను: "ఇది చూడకుండా టర్బో పెట్టి ఉంటే ఏమయ్యేదిరా?"

"నాలుగు రోజులు బ్రహ్మాండంగా లాగేది మాస్టారూ. అందరూ మెచ్చుకొనేవారు. తరువాత ఎప్పుడో ఆ వాల్వు అంచు విరిగి పిస్టను మీద పడేది. అప్పుడు ఇంజనే మంచిది కాదనేవారు."

అతడు మామూలుగానే అన్నాడు. గేజి తుడుచుకొంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. నాకు మాత్రం ఆ చివరి మాట గుచ్చుకొన్నది. పెళ్ళిలో అతణ్ణి గుర్తుపట్టినప్పుడు కలిగిన ఇబ్బంది ఏమిటో ఇప్పుడు చెప్పాలి.

1995లో అతడు మా బడిలో ఏడవ తరగతి. నేను క్లాసు టీచరును. తండ్రి కూలి పని చేసేవాడు. ఈ పిల్లవాడు పద్యం రెండుసార్లు వింటే మూడవసారి తానే అప్పజెప్పేవాడు. గొంతు, ధారణ, ఉచ్చారణ అన్నీ ఉన్నాయి. ఏకసంథాగ్రాహి నా తరగతిలో పుట్టాడని పొంగిపోయాను. ఇన్‌స్పెక్టరు వస్తే అతణ్ణే లేపేవాణ్ణి. ఇంతటివాడు ఈ పల్లెబడిలో ఉండిపోకూడదనిపించి, తండ్రిని పిలిపించి, బెజవాడలో ఒక ఇంగ్లీషు మీడియం హాస్టలు బడిలో చేర్చమని నేనే చెప్పాను. తెలుగు పండితుణ్ణి, నేనే చెప్పాను. ఆ తండ్రి గేదెను అమ్మి జూన్‌లో చేర్చాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన పిల్లవాడు మళ్ళీ వెళ్ళలేదు. మా బడికీ రాలేదు. మేనమామ వెంట ఆటోనగర్ చేరాడు.

ఆ తండ్రి నా దగ్గరకు వచ్చి, "ఏమయింది మాస్టారూ?" అని అడిగాడు. "నీ కొడుక్కు చదువుమీద శ్రద్ధ లేదయ్యా" అన్నాను. ఆ హాస్టలు బడిలో ఏమి జరిగిందో నేను కనుక్కోలేదు. అతణ్ణి పిలిచి అడగలేదు. ఇంజను మంచిది కాదన్నాను.

ఆ మధ్యాహ్నం అతని ఇంటినుండి వచ్చిన క్యారియరు నలుగురం పంచుకొని తింటున్నప్పుడు, ముప్పైయేళ్ళ తరువాత, అడిగాను. "ఆ బడిలో ఏమయిందిరా నీకు?"

"నాకు భిన్నాలు రావు మాస్టారూ అప్పట్లో" అన్నాడు. "కూడికే వచ్చేది కాదు. అక్కడ మొదటి వారమే బీజగణితం, అదీ ఇంగ్లీషులో. పక్కవాడి పుస్తకం చూసి వ్రాసుకొనేవాణ్ణి. ఎన్నాళ్ళని చూస్తాను?"

"నాతో చెప్పలేకపోయావా?"

"మీరు పద్యం అడిగేవారు మాస్టారూ. అది వచ్చేది కనుక చెప్పేవాణ్ణి."

అతని మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నట్లయితే నాకు కొంత తేలికగా ఉండేది. ఏడవ తరగతి పరీక్షలో అతనికి తెలుగులో 92, లెక్కలలో 38. ఆ అంకెలు నాకు ఇప్పటికీ గుర్తు, ఎందుకంటే రిజిష్టరులో వాటిని నా చేతితో నేనే ఎక్కించాను. తొంభైరెండు చూసి మురిసిపోయాను. పక్క గడిలోని ముప్పైయెనిమిది మీద నా కన్ను ఆగలేదు. నాలుగు గడులున్న చోట ఒకే గడి చూసి, దాని మీద ఒక బరువు పెట్టి పంపాను.

"మరి ఇప్పుడు నీకు లెక్కలు ఎట్లా వచ్చాయిరా?" అన్నాను, ఏదో అనాలి కనుక.

నవ్వాడు. "పానాలు నేర్పాయి మాస్టారూ. ఆ రోజుల్లో అంబాసిడర్లు, పాత లారీలు. అంగుళాల పానాలు కదా. ఏడు బై పదహారు తెమ్మంటే మూడు బై ఎనిమిది తెచ్చేవాణ్ణి. ఏది పెద్దదో తెలియక నాలుగు నెలలు తిట్లు తిన్నాను. ఒకరోజు రెండూ పక్కపక్కన పెట్టుకొని చూశాను. మూడు బై ఎనిమిది అంటే ఆరు బై పదహారేనని అప్పుడు తెలిసింది."

పాఠశాలలో మేము ఆ పని చేయలేకపోయాము.

హెడ్డు దించటానికి అనుమతి ఇచ్చి మేము బస్సులో ఉయ్యూరు వచ్చేశాము. దారిలో మా మనవడు చాలాసేపటికి, "తాతయ్యా, ఆయన చెప్పకపోతే నేను ఆ ఇంజనును చంపేసేవాణ్ణి" అన్నాడు. "నేను డబ్బు ఇచ్చి చంపించేవాణ్ణి" అన్నాను.

తొమ్మిది రోజుల తరువాత వెళ్ళాము. మూడవ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు తీసి చూపించాడు. గుండ్రని అంచులో ఒక చోట, ఎలుక కొరికినట్లు, కొంత కాలిపోయి ఉన్నది. కొత్త వాల్వు వేసి, మిగిలినవాటిని వాటి వాటి చోట్లలో నూరి కూర్చోబెట్టి, కొత్త గ్యాస్కెట్టుతో హెడ్డు బిగించి, మళ్ళీ అదే వరుసలో పరీక్ష చేశాడు. 172, 168, 166, 170. పాత అంకెల పక్కనే వ్రాశాడు. పాతవి తుడిచివేయరాదా అంటే, "ఉండనివ్వండి మాస్టారూ, పక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది" అన్నాడు.

ఇప్పుడు టర్బో పెట్టవచ్చా అని మా వాడు అడుగుతాడనుకొన్నాను. అడగలేదు. శిష్యుడే చెప్పాడు. ఇప్పుడు ఇంజను ఆరోగ్యంగా ఉన్నది. కాని టర్బోకు తగిన ఇంజెక్టర్లు, పెట్రోలు కొలిచే కంప్యూటరు అమరిక, ఆయిలు గొట్టాలు, బ్రేకులు, ఇవన్నీ కావాలి. వాటికి లక్షా ఇరవై వేలు చాలదు. అన్నిటికీ మించి చట్టం ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా, రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు మారిపోయేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షనును గట్టిగానే నిలబెట్టింది. "రోడ్డుమీద తిరిగే బండికి వద్దు బాబూ. నేర్చుకోవాలని ఉంటే సెలవుల్లో ఇక్కడికి రా, ఇంజను విప్పి బిగిద్దువుగాని" అన్నాడు. మా వాడు ఆ రోజే ఒక కంప్రెషను గేజి కొనుక్కొన్నాడు. మిగిలిన డబ్బు బ్యాంకులోనే ఉన్నది. మా ఇంటావిడ ఈ విషయంలో ఏమీ అనలేదు. అనవలసినది ముందే అన్నది కనుక.

వచ్చేముందు మనవణ్ణి కారులో కూర్చోబెట్టి, నేను వెనక్కి షెడ్డులోకి వెళ్ళాను. "ఒరే నాయనా, ఆనాడు నీ లెక్కల మార్కులు నేను చూడలేదురా. చూసి ఉండవలసింది. మీ నాన్నతో అన్న మాట కూడా తప్పు" అన్నాను. దారి పొడుగునా సిద్ధం చేసుకొన్న వాక్యాలు వేరు. నోటికి వచ్చినవి ఇవి.

అతడు చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకొంటూ కొంతసేపు ఊరుకొన్నాడు. "నాన్న పోయి ఆరేళ్ళయింది మాస్టారూ" అన్నాడు. తరువాత, "బండి ఆగినప్పుడు వణుకు తగ్గిందో లేదో వారం చూసి ఫోను చేయండి" అన్నాడు.

వణుకు తగ్గింది. ఫోను చేసి చెప్పాను.

ఇంజను విద్య తెలిసిన మిత్రులు ఈ టపాలో నా లెక్కలలో గాని, పేర్లలో గాని తప్పులుంటే దిద్దవలసిందిగా ప్రార్థన. సమాసాల మూడవ భాగం వచ్చే వారం.